కావలసినవి: ఒక పడి, ఒక అవ్వ

మేనక టీచరు ఫోన్లో ‘రేపు’ అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో రెండువందల పద్నాలుగు పాఠాలున్నాయి. ఆకులతో గుణకారం, అట్టపెట్టెతో గడియారం, సీసా మూతలతో పదులూ వందలూ, గాజులతో వృత్తాలు. తీరికలేని టీచర్ల కోసం తీరికున్నవాళ్ళెవరో తయారుచేసి ఇంటర్నెట్లో పెట్టినవన్నీ ఆవిడ ఏరి ఏరి దాచుకుంది. వాడింది మాత్రం మూడో నాలుగో. రేపు అన్నది ఎప్పుడొచ్చినా ఇవాళగానే వస్తుంది మరి, ఏం చేస్తుంది పాపం.

తమిళనాడు ధర్మపురిలో పొద్దున ఏడుంపావు బస్సెక్కితే మారండహళ్ళికి ఇవతలున్న ఆ ఊరి బడికి చేరేసరికి తొమ్మిది కావస్తుంది. ఆ ప్రయాణమే ఆవిడకున్న తీరిక. కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుని పాఠాలు వెతుక్కుంటుంది, దొరక్కపోతే నిలబడి వెతుక్కుంటుంది. పాలక్కోడు దాటాక సిగ్నల్ నమ్మడానికి లేదు గనక దించుకునేవేవో అంతలోపే దించుకోవాలి. బడిలో తరగతులు ఐదు, టీచర్లు ఇద్దరు. ఒకటీ రెండూ మూడూ తరగతుల్నీ, బీరువా నిండా ఉన్న రిజిస్టర్లనీ హెడ్మాస్టరు శివలింగం సారు చూసుకుంటాడు. నాలుగూ ఐదూ మేనకవి. ఆయన రిజిస్టర్లని చూసుకున్నంత ముద్దుగా పిల్లల్ని చూసుకోడని మేనక అభిప్రాయం. అయితే పైకి ఎప్పుడూ అనలేదు.

ఆ ఆదివారం నాడు ఆవిడ వేలు ఊరుకుని ఉంటే అంతా సజావుగానే జరిగిపోయేది.

బ్లాకులో టీచర్లకి శిక్షణ ఇచ్చే ఆంజనేయన్ సారు వాట్సాప్ గుంపులో ఒక వీడియో పెట్టాడు. ఎక్కడో పెద్ద బడిలో, ఇస్త్రీ నలగని పిల్లలు, చేతికొక ట్యాబ్లెట్ పట్టుకుని భిన్నాలు చకచకా చేసేస్తున్నారు. దాని కింద ఎవరో రాశారు: ‘బాగుంది సార్. కానీ మన పల్లెటూరి పిల్లలకి ఇవి ఎక్కవు.’ ఆ మాటకి ఇరవై బొటనవేళ్ళు లేచాయి. మేనకకి ఒళ్ళు మండింది. పొయ్యి మీద కూరని వదిలేసి టైపు చేసింది: ‘మా పిల్లలకి ఎక్కుతాయి. శుక్రవారం వచ్చి చూడండి.’

ఆంజనేయన్ సారు అదే నిమిషంలో జవాబిచ్చాడు. ‘చాలా సంతోషం. కెమెరాతో వస్తాను. మన టీచర్ల కోసం కొత్తగా పెడుతున్న సైటులో మీదే మొదటి పాఠం.’

ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు చెప్పారు. వేలు జారితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పి పోలేదు. అసలు సంగతేమిటంటే మేనక ఆ ఏడాది భిన్నాలు ఇంకా మొదలే పెట్టలేదు. తన పరువు పోతే పోనీ, అది పోయి రావడం అలవాటైన పరువే. కానీ శుక్రవారం పిల్లలు తెల్లమొహాలు వేస్తే, వీళ్ళకి ఎక్కవన్న మాట నూట ఎనభైమంది టీచర్ల ముందు వీడియోతో సహా ఖాయమైపోతుంది. ఆ రాత్రి ఆవిడకి సరిగ్గా నిద్ర పట్టనిది అందుకే.

సోమవారం పిజ్జా పాఠం తీసుకెళ్ళింది. విదేశీ సైటులో అన్నిటికన్నా ఎక్కువ నక్షత్రాలు తెచ్చుకున్న పాఠం అది. బస్టాండు దగ్గర జెరాక్స్ అంగట్లో రంగుల బొమ్మ తీయించి బోర్డుకి అంటించింది. ఆ బడిలో పాఠం అరవంలో నడుస్తుంది, అల్లరి తెలుగులో నడుస్తుంది. బొమ్మ చూడగానే అందరూ తెలుగులోకి దిగారు.

“టీచర్, ఇదేంది?”

“పిజ్జా.”

“దోసె మింద ఏందో పడిపోయినట్టుండాదే,” అన్నాడు ఐదో తరగతి గోకుల్ జాలిగా.

“దీన్ని ఎనిమిది ముక్కలుగా కోస్తే...”

“కోసేదెందుకు టీచర్? తుంచుకుంటే పోలా?”

తుంచుకుంటే ఎవరికి పెద్ద ముక్క వస్తుందన్న దాని మీద పావుగంట తగువు నడిచింది. అది చల్లారాక మేనక బోర్డు మీద అర అంకెల్లో వేసింది, పక్కన పావు వేసింది. ఏది పెద్దదని అడిగింది. తరగతంతా పావే పెద్దదంది. అందరికన్నా గట్టిగా అన్నది నాలుగో తరగతి మోనిష.

“కింద నాలుగుండాది కదా టీచర్. రెండుకన్నా నాలుగు పెద్దది.”

కాదని చెప్పగానే ఆ పిల్ల మొహం వాడిపోయింది. మోనిషకి తప్పు చెప్పానని తెలిస్తే ఇక ఆ రోజుకి మాటలుండవు. “నాకు లెక్క రాదు టీచర్,” అని తన మీద తనే తీర్పు చెప్పేసుకుని, పుస్తకం మూసి, రెండు జడలూ ముందుకేసుకుని కూర్చుంది.

మంగళవారం కేకు వీడియో. కేకు మీద తెల్లటి చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టి తిరుగుతూనే ఉంది. అదే పాఠమనుకుని పిల్లలు చాలాసేపు బుద్ధిగా చూశారు. బుధవారం ఆట. సరైన జవాబు నొక్కితే ఒక పిట్ట ఎగిరొచ్చి నక్షత్రం ఇస్తుంది. ఏదీ చదవకుండా అన్ని జవాబులూ వరసగా నొక్కుకుంటూ పోయినా పిట్ట వచ్చి తీరుతుందని గోకుల్ పది నిమిషాల్లో కనిపెట్టాడు. ఆ పూట ఒక్క భిన్నం కూడా రాలేదు గానీ నూట పన్నెండు నక్షత్రాలు వచ్చాయి.

ఆ పాఠాలు చేసినవాళ్ళ తప్పేం లేదు. వాళ్ళ పిల్లలకి అవి చక్కగా ఎక్కి ఉంటాయి. ఆడలేక మద్దెల ఓడనే మనిషి కాదు మేనక. “జ్వరమని మెసేజ్ పెట్టేయండి టీచర్,” అని శివలింగం సారు అరవంలో సలహా ఇచ్చాడు. ఆయన దగ్గర సెలవు చీటీలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. నిజం చెప్పాలంటే మేనక నుదురు ఒకసారి ముట్టుకుని చూసుకుంది కూడా.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మేనక వరండాలో గోడకి చేరబడి ‘రేపు’ని మొదటినుంచి చివరిదాకా తిరగేస్తోంది. అటుపక్క వంటింటి గుమ్మం దగ్గర బడిలో వంటచేసే మారియాయికి మోనిష అవ్వ పాపక్క రాగులు కొలిచి పోస్తోంది. పాపక్కకి ఊరవతల మెట్టచేను ఉంది. మారియాయి తన ఇంటికని రెండు పడుల రాగులడిగింది. పడి అంటే ఆ వైపు ఇంటింటా ఉండే ఇనప కొలత. అందులో సగం పట్టేది అరపడి, పావు పట్టేది కాలుపడి. పాపక్క పెద్ద పడిని ఇంట్లో మరిచిపోయి, చిన్నవి రెండే సంచిలో వేసుకొచ్చింది.

“లాభం,” అంటూ మొదటి అరపడి పోసింది. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. “రెండు,” అంటూ ఇంకో అరపడి పోసింది. ఇంతలో మారియాయి ఆవుకి దూడ పుట్టిన కబురు మొదలైంది. ఆ కబుర్లో కబురుగా పాపక్క చేతికి కాలుపడి వచ్చింది, దాంతో రెండు పోసింది. దూడ నుదుటి మీద తెల్లమచ్చ దగ్గర కబురు పూర్తయ్యాక చెయ్యి ఆపేసింది.

“ఎంత పోసినానే మారియాయీ?”

మారియాయికేం తెలుసు, ఆవిడ మనసంతా దూడ మీదుంది. మోనిష పక్కనే నేల మీద కూర్చుని రాళ్ళు ఎగరేసి పడుతూ ఆడుకుంటోంది. తలైనా ఎత్తలేదు.

“ఒకటిన్నర పోసినావు అవ్వా. అరపడి రెండు, అది ఒకటి. కాలుపడి రెండు, అది అర. ఇంగ అరపడి ఒకటి పొయ్యి. లేదంటే కాలుపడి రెండు పొయ్యి.”

పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మేనక పని. ఫోన్ పక్కన పెట్టేసింది.

“మోనిషా, ఇట్ల రా. కాలుపడి పెద్దదా, అరపడి పెద్దదా?”

టీచరుకి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు చూసింది ఆ పిల్ల. “అది గూడా తెలీదా టీచర్? అరపడే.”

“మరి సోమవారం పావు పెద్దదంటివే?”

“అది లెక్క గదా టీచర్,” అంది మోనిష. “ఇది రాగులు.”

మేనకకి నవ్వాగలేదు. ఏడుపు కూడా వచ్చినట్టే ఉంది, కానీ నవ్వే ముందొచ్చింది. లేచి వెళ్ళి పాపక్క పక్కన గచ్చు మీదే కూర్చుంది.

“అవ్వా, రేపు మీ ఇంట్లో కొలతలు మూడూ తీసుకోని బడికి రావాల నువ్వు. పిల్లోళ్ళకి కొలిచి చూపించాల.”

“నేనా? నేను బళ్ళో కూర్చొని చదివిందే లేదు గద టీచరమ్మా. నాకేం తెలుసు?”

“నాకు తెలీంది నీకు తెలుసు.”

పాపక్క కాసేపు ఆలోచించింది. “పట్టుచీర కట్టుకోవాల్నా?” అని అడిగింది.

సాయంత్రం బస్సులో మేనక పిజ్జా పాఠాన్ని మళ్ళీ తెరిచింది. అందులో పిజ్జా తీసిపారేస్తే మిగిలింది నిజంగా మంచి పాఠం. ముందు పిల్లల్ని ఊహించమనాలి, తర్వాత చేసి చూడాలి, ఆ తర్వాతే అంకె రాయాలి. ఇన్నాళ్ళూ ఆ వరస చూడకుండా బొమ్మని చూసింది తను. వరస అలాగే ఉంచి పిజ్జా ఉన్నచోటల్లా పడి పెట్టుకుంటూ పోయింది. ధర్మపురి వచ్చేసరికి పాఠం తయారైంది. సీట్లో కూర్చున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతుంటే పక్కనున్నామె ఏదో మొక్కు చెల్లించుకుంటోందనుకుని కాళ్ళు సర్దుకుంది.

శుక్రవారం ఆంజనేయన్ సారు కెమెరాతోనూ, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ళ కర్రతోనూ వచ్చాడు. వెంట పెన్నాగరం వైపు నుంచి ఇద్దరు టీచర్లు కూడా వచ్చారు. పాపక్క చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని, కొలతల ఇత్తడి పట్టీలు చింతపండుతో తోమి తెచ్చింది. నేల మీద పేపర్లు పరిచారు. పిల్లలు చుట్టూ కూర్చున్నారు.

“పడి నిండాలంటే కాలుపడి ఎన్నిసార్లు పొయ్యాల?” అని మేనక అడిగింది.

“నాలుగు!” అని బడి అదిరిపోయేలా అరిచారు.

పాపక్క మొదలుపెట్టింది. ఎడమ అరచెయ్యి కొలత అంచుకి అడ్డం పెట్టి, కాలుపడి మీద గోపురం నిలబడేదాకా రాగులు పోసి, ఆ గోపురంతో సహా పడిలోకి వంపింది. “లాభం.” మళ్ళీ గోపురం. “రెండు.” మళ్ళీ గోపురం. “మూడు.” మూడింటితోనే పడి అంచుదాకా నిండిపోయింది. పాపక్క చేతిలో నాలుగోది ఉండిపోయింది. నాలుగు పొయ్యమన్నారు గనక అదీ పోసేసింది. రాగులు జలజలా జారి పేపరు దాటి కెమెరా కాళ్ళ కిందకి పరిగెత్తాయి.

పెన్నాగరం టీచరొకాయన దగ్గాడు.

“మూడే టీచర్!” అని గోకుల్ ప్రకటించాడు.

ఆంజనేయన్ సారు కెమెరా మీంచి తలెత్తి మేనక వైపు చూశాడు. మేనక అన్నీ గుర్తు పెట్టుకుంది గానీ పాపక్క చెయ్యి ఎలాంటిదో గుర్తు పెట్టుకోలేదు. దగ్గరికి వంగి మెల్లగా అంది.

“అవ్వా, పైన చెయ్యి తీసేసి, అంచుకి సమంగా తలకొట్టి పొయ్యి.”

పాపక్క మొహం జేవురించింది. “తలకొట్టి పోసేదా? ఈ చేత్తోనా? మా అత్త కాలం నుంచీ మా ఇంట్లో తలకొట్టి పోసినోళ్ళు లేరు. ఇంతమంది చూస్తా ఉండంగా, ఆ మిషన్ ముందర, నన్ను పిసినారిదాన్ని చేస్తావా టీచరమ్మా?”

దానికి జవాబు రెండువందల పద్నాలుగు పాఠాల్లోనూ లేదు. ఆ ఊళ్ళో అంచుకి సరిగ్గా కొలిచి పోశారంటే ఇంక ఆ ఇంటితో మాటల్లేవని అర్థం. కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. పాఠం ఇక్కడితో ఆపేద్దామని మేనక చెయ్యి ఎత్తబోయింది.

అప్పుడు మోనిష లేచింది. సంచిలోంచి స్కేలు తీసుకుని వచ్చి అవ్వ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“అవ్వా, నీ ఇష్టం వచ్చినంత పొయ్యి. గోపురం కట్టే పొయ్యి. నువ్వు తలకొట్టొద్దు. నేను కొడతాను.”

పాపక్క ఒక్క క్షణం మనవరాలి మొహంలోకి చూసింది. తర్వాత పడిని ఖాళీ చేసి, కాలుపడి మీద ఎప్పటికన్నా పెద్ద గోపురం కట్టింది. మోనిష స్కేలు అంచు మీద ఆనించి ఇటునుంచి అటు గీసింది. గోపురం పక్కన పేపరు మీద పడింది.

“మిందుండేది అవ్వది,” అంది మోనిష పిల్లల వైపు తిరిగి. “లోపలుండేది కాలుపడి.”

ఒకటి. గీత. రెండు. గీత. మూడు. పడిలో ఇంకా చోటుంది. పిల్లలు మోకాళ్ళ మీద లేచారు. నాలుగోది వంపితే రాగులు అంచుదాకా వచ్చి అక్కడ ఆగిపోయాయి. పిల్లలు కొట్టిన చప్పట్లకి వంటింట్లోంచి మారియాయి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

ఆంజనేయన్ సారు అక్కడితో ఊరుకోలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద అర వేశాడు, పక్కన పావు వేశాడు. అవే సోమవారం అంకెలు. ఈ ప్రశ్న మేనక పాఠంలో లేదు.

“వీటిల్లో ఏది పెద్దదమ్మా?” అని మోనిషని అడిగాడు.

మోనిష బోర్డు వైపు చూసింది. కాలుపడి వైపు చూసింది. మళ్ళీ బోర్డు వైపు చూసింది. జడ ఒకటి ముందుకొచ్చింది. అయిపోయింది, ఇప్పుడు నాకు లెక్క రాదంటుంది అని మేనక కళ్ళు మూసుకుంది.

“కింద నాలుగుంటే నాలుగుసార్లు పోస్తేనే గదా సార్ పడి నిండేది,” అంది మోనిష, ఒక్కొక్క మాటా కొలిచినట్టు. “కొలత చిన్నది గాబట్టే గదా అన్నిసార్లు పోసేది. రెండుంటే రెండుసార్లకే నిండిపోతుంది. అరే పెద్దది.”

“మరి కింద ఎనిమిదుంటే?”

“ఇంగా చిన్నది.”

“నూరుంటే స్పూను!” గోకుల్ ఆగలేకపోయాడు.

“వెయ్యుంటే చిటికెడు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

“లక్షుంటే గింజ!” అని తరగతంతా అరిచింది.

“కోటి ఉంటే పిండి!” అని కిటికీలోంచి అరవంలో ఒక గొంతు వినబడింది. అందరూ తిరిగి చూశారు. శివలింగం సారు. ఆయన వెనక మూడు తరగతుల పిల్లలు మునివేళ్ళ మీద నిలబడి తొంగిచూస్తున్నారు. ఆయన చేతిలో రిజిస్టరు లేదు. మేనక ఆ మనిషి గురించి ఇన్నాళ్ళూ అనుకున్నదంతా ఆ క్షణంలోనే వెనక్కి తీసేసుకుంది. ఆవిడకి ఎంత సంతోషమేసిందంటే, బోర్డు వైపు తిరిగి తుడిచిందే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నిలబడిపోయింది.

పేపరు మీద అవ్వ గోపురాలన్నీ ఒక కుప్పయ్యాయి. పాపక్క వాటిని ముట్టుకోలేదు. “చేత్తో పోసినాక మళ్ళీ ఇంటికెత్తుకోని పోతారా ఎవరైనా?” అంది. పడిలో ఉన్నవీ, కుప్పలో ఉన్నవీ అన్నీ మారియాయికే ఇచ్చేసింది. మారియాయి వాటిని ఆడించి, సోమవారం పిల్లలకి బెల్లమేసి ఆవిరి మీద పుట్టు చేస్తానంది.

సాయంత్రం బస్సులో మేనక సైటువాళ్ళ ఫారం నింపింది. పాఠానికి పట్టే సమయం అని ఉన్నచోట ‘నలభై నిమిషాలు, అవ్వ మాట్లాడితే గంట’ అని రాసింది. కావలసిన వస్తువులు అని ఉన్నచోట ‘పడి, అరపడి, కాలుపడి, రాగులు, స్కేలు, అవ్వ ఒకరు’ అని రాసింది. జాగ్రత్తల దగ్గర కాస్త ఆలోచించి, ‘అవ్వని తలకొట్టి పొయ్యమని అనకూడదు. ఆ పని పిల్లలకివ్వండి’ అని రాసింది. ఆఖరున పాఠం తయారుచేసినవారు అని ఒక గడి ఉంది. అక్కడ తన పేరు సగం కొట్టి, చెరిపేసి, వేరే రాసి పంపేసింది. అప్పటికి బస్సు ధర్మపురిలోకి వచ్చేసింది.

ఆదివారానికి ఆ పాఠం కింద అరవై మంది ఏదో ఒకటి రాశారు. ‘మా ఊళ్ళో అవ్వ దొరికింది, పడి దొరకలేదు,’ అని ఒకరు. పల్లెటూరి పిల్లలకి ఎక్కవన్న ఆయనే, ‘రాగుల బదులు బియ్యం వాడొచ్చా?’ అని అడిగాడు. ‘వాడొచ్చు. అవ్వ బదులు ఏదీ వాడకూడదు,’ అని మేనక జవాబిచ్చింది. ఈసారి పొయ్యి ఆర్పేసి మరీ రాసింది.

సోమవారం పుట్టు తింటూ పిల్లలంతా ఫోన్ చుట్టూ మూగారు. పాలక్కోడులోనే దించుకుని తెచ్చింది మేనక. మోనిష వేలు పెట్టి అరవ అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ గడి చదివింది. పాఠం తయారుచేసినవారు: మోనిష, నాలుగో తరగతి. పాపక్క, రైతు.

మళ్ళీ చదివింది. వేలికంటిన బెల్లం గౌనుకి తుడుచుకుని ఇంకోసారి చదివింది.

“టీచర్, ఇద్దరి పేర్లు ఉండాయి. అంటే ఈ పాఠం నాది అర, అవ్వది అరా?”

“అవును, అర అర.”

“మీ పేరు లేదే టీచర్?”

“చోటు లేదులే.”

మోనిష ఫోన్ వైపు చూసి, పెదాలు కదుపుతూ ఏదో లెక్కేసుకుంది.

“మీరు గూడా కలిస్తే కింద మూడు వస్తుంది. నా పాలు చిన్నదైపోతుంది,” అంది. తర్వాత పుట్టు గిన్నె పక్కన పెట్టి ఫోన్ మేనక చేతిలో పెట్టింది. “పరవాలేదు టీచర్, రాసుకోండి.”